మొదటి ఆన్‌లైన్ ప్రాడక్ట్: డబ్బు కట్టాక మొదటి రెండు నిమిషాలు

[తెర మీద: ఫోన్‌లో పేమెంట్ పేజీ, చక్రం తిరుగుతూ ఉంటుంది]

కోర్సు కానీ, సాఫ్ట్‌వేర్ కానీ, ఈ-బుక్ కానీ, మొదటిసారి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేవాళ్లు నెలల తరబడి ప్రాడక్ట్‌నే చెక్కుతూ ఉంటారు. కస్టమర్ డబ్బు కట్టాక మొదటి రెండు నిమిషాల్లో ఏం జరుగుతుందో మాత్రం కూర్చుని చూడరు. లాంచ్ రోజు బాగా ఇబ్బంది పెట్టే ఫిర్యాదులు అక్కడి నుంచే వస్తాయి.

ఒక కేసు చూద్దాం. కస్టమర్ ఫోన్‌లో 'కొనండి' నొక్కారు. బ్యాంకు యాప్ తెరుచుకుంది, డబ్బు కట్ అయింది. తిరిగి బ్రౌజర్‌కి వచ్చేసరికి ఆ ట్యాబ్ మూసుకుపోయింది, లేదా నెట్ పోయింది. మీ 'థాంక్యూ' పేజీ తెరుచుకోనే లేదు. ఆ పేజీ తెరుచుకుంటేనే అకౌంట్ ఓపెన్ అయ్యేలా కోడ్ రాసి ఉంటే, డబ్బు మీకు వచ్చింది, ఆయన చేతికి ఏమీ రాలేదు.

దీనికి మందు వెబ్‌హుక్. పేమెంట్ గేట్‌వే, అంటే మీ తరఫున కస్టమర్ దగ్గర డబ్బు తీసుకునే సర్వీసు, నేరుగా మీ సర్వర్‌కే 'డబ్బు అందింది' అని కబురు పంపుతుంది. కస్టమర్ ఫోన్ ఏ స్థితిలో ఉన్నా పర్వాలేదు. అకౌంట్ ఓపెన్ చేసే పని ఇక్కడే పెట్టండి. ముందు కబురుతో పాటు వచ్చే సిగ్నేచర్ (డిజిటల్ సంతకం) సరిచూసి, కబురు నిజంగా గేట్‌వే పంపిందేనని తేల్చుకోవాలి. తర్వాత పేమెంట్ ఐడీనీ, చేయాల్సిన పనినీ డేటాబేస్‌లో రాసుకుని, వెంటనే 200 ('అందింది' అని చెప్పే కోడ్) అని జవాబివ్వాలి. మెయిల్ పంపడం లాంటివి ఆ తర్వాతే. జవాబు ఆలస్యమైతే అందలేదనుకుని గేట్‌వే అదే కబురు మళ్లీ పంపుతుంది. అందుకే డేటాబేస్‌లో పేమెంట్ ఐడీ కాలమ్‌ని యూనిక్‌గా, అంటే ఒకే ఐడీ రెండోసారి ఎక్కకుండా పెట్టాలి. లేదంటే ఒక్క ఆర్డర్‌కి రెండు లైసెన్సులు వెళ్లిపోతాయి.

[తెర మీద: టెస్ట్ కీలు, లైవ్ కీలు పక్కపక్కన]

టెస్ట్ మోడ్‌లో పనిచేసింది కదా అని వదిలేయకండి. చాలా గేట్‌వేల్లో లైవ్‌కి, అంటే నిజం డబ్బుతో నడిచే మోడ్‌కి, కీలు (మీ సైట్‌ని గేట్‌వే గుర్తుపట్టే కోడ్‌లు) వేరు, వెబ్‌హుక్ సీక్రెట్ (సిగ్నేచర్ సరిచూడ్డానికి వాడే రహస్య కోడ్) కూడా వేరు. కీలు మార్చి సీక్రెట్ మరిచిపోతే డబ్బు వస్తుంది కానీ, వచ్చిన ప్రతి కబురునీ మీ సర్వరే నకిలీ అని తోసేస్తుంది. కాబట్టి లైవ్‌కి మార్చాక సొంత కార్డుతో ఒకసారి కొనండి. డబ్బు కట్ కాగానే కావాలనే ట్యాబ్ మూసేయండి. మెయిల్ వచ్చిందా? లింకు తెరుచుకుందా? తర్వాత అదే ఆర్డర్‌కి రీఫండ్ ఇచ్చి, యాక్సెస్ ఆగిందో లేదో చూడండి. రీఫండ్ ఇచ్చినా చాలా గేట్‌వేలు తమ ఫీజు వెనక్కి ఇవ్వవు, ధర పెట్టేటప్పుడే అది లెక్కలో వేసుకోవాలి.

ఇక మెయిల్ సంగతి. కొత్త డొమైన్ నుంచి వచ్చే మెయిల్ స్పామ్‌లో పడే ప్రమాదం ఎక్కువ. డీఎన్‌ఎస్‌లో, అంటే మీ డొమైన్ సెట్టింగుల్లో, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు మూడూ పెట్టండి; మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని సరిచూసుకోడానికి ఇవి పనికొస్తాయి. జీమెయిల్ అకౌంట్లకు రోజుకు 5,000, అంతకు మించి మెయిళ్లు పంపేవాళ్లకు 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ ఈ మూడింటినీ తప్పనిసరి చేసింది. మీరు 50 పంపినా సరే, పెట్టే తీరాలి. రసీదులూ ప్రచార మెయిళ్లూ ఒకే డొమైన్ నుంచి పంపితే, ప్రచారం మీద పడ్డ స్పామ్ ముద్ర రసీదులకూ అంటుకుంటుంది. రెండింటికీ వేర్వేరు సబ్‌డొమైన్లు (మీ డొమైన్ పేరుకి ముందు ఒక మాట చేర్చిన అడ్రసులు) వాడండి. మెయిల్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా, డౌన్‌లోడ్ లింకు థాంక్యూ పేజీలోనూ చూపించండి.

ధర చూడాలంటే ముందు అకౌంట్ తెరవాలనే షరతు అస్సలు వద్దు. 2013 అక్టోబర్ 1న అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా కోసం హెల్త్‌కేర్.గవ్ సైట్ తెరిచినప్పుడు ప్లాన్లు చూడ్డానికే అకౌంట్ అడిగింది. వచ్చినవాళ్లలో చాలామంది అకౌంట్ తెరిచే మెట్టు దగ్గరే ఇరుక్కున్నారు. మొదటి రోజు పూర్తిగా నమోదైనవాళ్లు ఆరుగురే. ఆ సైట్‌లో ఇంకా చాలా లోపాలున్నాయి, కానీ ఈ ఒక్కటి ఎవరైనా తప్పించుకోగలిగేది.

[తెర మీద: నాలుగు అంకెలు, ఒకదాని కింద ఒకటి]

లాంచ్ అయ్యాక నాలుగు అంకెలు రాసుకోండి: పేజీకి వచ్చినవాళ్లు, 'కొనండి' నొక్కినవాళ్లు, డబ్బు కట్టినవాళ్లు, లోపలికి వెళ్లి ఒక్కసారైనా వాడినవాళ్లు. ఉదాహరణకి 200, 20, 4, 4 అని వస్తే, నొక్కిన 20 మందిలో 16 మంది పేమెంట్ దగ్గర జారిపోయారు. అక్కడ ఫామ్‌లో గడులు తగ్గించండి, కార్డు ఫెయిలైతే ఎందుకో చెప్పే మెసేజ్ పెట్టండి. 200, 2, 2, 2 అయితే పేమెంట్ జోలికి పోవద్దు. ఏం అమ్ముతున్నారో పేజీ సరిగా చెప్పడం లేదు, లేదా ఆ వచ్చినవాళ్లకి అది అవసరం లేదు. ఇంత చిన్న సంఖ్యలతో బటన్ రంగులు మార్చి పోల్చడం వృథా. కొన్న ఇద్దరితో మాట్లాడితే అంతకంటే ఎక్కువ తెలుస్తుంది.

ఇంకొక్క ఏర్పాటు చాలామంది చేయరు. కొత్త అమ్మకాలు మాత్రమే ఆపే స్విచ్ ఒకటి ఉండాలి. సైట్ మొత్తం ఆపేస్తే, అప్పటికే డబ్బు కట్టినవాళ్లు కూడా బయటే నిలబడిపోతారు. ఆ స్విచ్ లాంచ్‌కి ముందు రోజే ఒకసారి వేసి, తీసి చూడండి.