లారీ దిగితే మనమూ నడిచేవాళ్లమే

(రోడ్డు భద్రతా మాసం సందర్భంగా విజయవాడ ఆటోనగర్‌లో లారీ డ్రైవర్లు, క్లీనర్లు, టీ కొట్ల వాళ్లతో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి. మైకు కీచుమంటోంది, కాస్త సర్దుకోండి. నేను ఇరవై రెండేళ్లు లారీ తోలాను. మోకాళ్లు అరిగాక మానేసి ఇప్పుడు కుర్రాళ్లకు డ్రైవింగ్ నేర్పుతున్నాను. జనవరి వచ్చిందంటే మనల్ని పిలిచి కళ్ల పరీక్ష చేస్తారు, చేతిలో కరపత్రం పెడతారు, ఫొటో తీసుకుని పంపిస్తారు. కళ్ల పరీక్ష మంచిదే, మానకండి. హైవే మీద స్పీడు గురించి మాత్రం ఇవాళ నేను మాట్లాడను. బండి ఆగే చోటు గురించి చెబుతాను. డాబా ముందు, కాటా దగ్గర, టోల్ గేటు దాటాక వరసగా పెట్టుకునే చోట, ఇదిగో ఈ ఆటోనగర్ వీధుల్లో.

గుంటూరు మిర్చి యార్డు సీజను సంగతి మీకు కొత్త కాదు. ఒక మార్చి నెలలో టిక్కీల, అంటే మిర్చి బస్తాల, లోడు కోసం తెల్లవారుజాము నుంచి వరసలో ఉన్నాను. ముందు బండి కదిలింది. వెనకవాడు హారన్ మీద హారన్. సెల్ఫ్ కొట్టి, గేరు వేసి, క్లచ్ వదలబోతున్నాను. డోరు మీద దబదబా రెండు దెబ్బలు. మా క్లీనర్ కుర్రాడు. "అన్నా, హోల్డాన్, హోల్డాన్!" అని అరుస్తున్నాడు. దిగి చూస్తే బంపరుకు ఆనుకుని ఒక పెద్దావిడ. టీ కెటిల్ కింద పెట్టి, జారిపడిన గ్లాసులు ఒక్కొక్కటే ఏరుకుంటోంది. నా సీట్లోంచి ఆమె కొప్పు కూడా కనపడలేదు. తలెత్తి, "టీ కావాలా నాయనా?" అంది. ఏం తప్పిందో ఆమెకు తెలియనే తెలియదు. టీ తీసుకున్నాను. చేయి వణికి సగం ప్యాంటు మీదే పోసుకున్నాను.

ఆ క్షణంలో నా స్పీడెంత? సున్నా. ఏ కెమెరా నన్ను పట్టుకోదు. నేను తాగి లేను, నిద్రమత్తులో లేను. వెనకవాడి హారన్‌కు విసుగొచ్చి అద్దం చూడలేదు, అంతే. ర్యాష్ డ్రైవింగ్ అంటే వందలో పోవడమే అనుకుంటాం. పది కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకు దాదాపు మూడు మీటర్లు పోతుంది. మన లారీకి వేసే టెన్ ట్వంటీ సైజు టైరు ఒక్క చుట్టు తిరిగితే అంతకంటే కొంచెం ఎక్కువే. అంటే ఫోన్‌లో ఎవరు చేశారా అని చూసే లోపు చక్రం ఒక చుట్టు చుట్టేస్తుంది. మనిషి మీదికి ఎక్కడానికి ఆ ఒక్క చుట్టు చాలు.

ఆ రోజు క్లీనర్ ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు ఎన్ని బండ్లలో క్లీనర్ ఉన్నాడు, చేతులెత్తండి? చూశారా! క్లీనర్‌కిచ్చే రోజు బత్తా మిగులుతుందని ఓనర్లు సింగిల్ డ్రైవర్‌తో పంపేస్తున్నారు. మీ ఎడమ వైపు కన్ను తీసేసి బండి ఇచ్చినట్టే అది. ఓనర్లు ఇక్కడ ఉంటే నా మీద కోపం తెచ్చుకున్నా ఫర్వాలేదు. రోజుకు ఎనిమిది గంటల పని అని 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. నవ్వకండి, నిజంగానే చెప్పింది.

క్లీనర్ లేకపోతే ఏం చేయాలి? బండి ఎక్కే ముందు చుట్టూ ఒకసారి తిరగాలి. టైరు మీద తట్టి చూస్తారుగా, ఆ నడకలోనే వంగి కిందికీ చూడండి. ఎండాకాలం నీడ కోసం లారీ కింద పడుకునే హమాలీలు ఎంతమంది! తర్వాత ఒక చిన్న హారన్, రెండు క్షణాలు ఆగి అప్పుడు గేరు. ఎడమకు తిప్పేటప్పుడు వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయని మీకు తెలుసు. మలుపులో నిలబడ్డ టీ కొట్టు ఆయనకు తెలియదు. ముందు చక్రం దాటిపోయింది కదా అని అడుగేస్తాడు.

ఇక మన సంగతి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో ముప్పై రెండు వేలకు పైగా నడిచేవాళ్లే. నడిచేవాళ్లంటే ఎవరో అనుకోకండి. అవతలి వైపు డాబాలో బిర్యానీ బాగుంటుందని రాత్రి పదకొండుకు డివైడర్ ఎక్కి దూకేది ఎవరు? ట్రాఫిక్ వచ్చే వైపు డోరు తీసి, ఫోన్ మాట్లాడుతూ దిగేది ఎవరు? నల్ల బనియన్, ముదురు లుంగీ కట్టుకుని బండి వెనక తాడు బిగించేది ఎవరు? అవతల నుంచి అరవైలో వచ్చేవాడు మనల్ని చూసి బ్రేకు మీద కాలు పెట్టే లోపే పాతిక మీటర్లు వచ్చేస్తాడు. గాలి బ్రేకు పట్టడానికి ఇంకాస్త పడుతుంది.

లైట్లు లేకుండా రోడ్డు మీద బండి వదిలేస్తే మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ కింద తప్పే. అది పోలీసులు చెబుతారు. నేను రాయి గురించి చెబుతాను. టైరు మార్చేటప్పుడు చక్రాల కింద రాళ్లు పెడతాం. పనయ్యాక జాకీ తీస్తాం, స్పానర్ తీస్తాం, రాయి మాత్రం రోడ్డు మీదే ఉంటుంది. ఆ చీకట్లో బైకు మీద వచ్చేవాడు ఏ కాలేజీ కుర్రాడో, మంగళగిరిలో డ్యూటీ దిగి వచ్చే నర్సమ్మో. ఒక్క తన్ను తంతే రాయి పక్కకు పోతుంది కదా. వెనక ఎర్ర రేడియం స్టిక్కర్ మీద బురదుంటే స్టిక్కర్ లేనట్టే, గుడ్డ పెట్టి తుడవండి.

టీ కొట్ల అక్కలకు ఒక మాట. ఇంజను ఆన్‌లో ఉన్న బండి ముందు నుంచి దాటకండమ్మా. డ్రైవర్ ముఖం మీకు కనపడకపోతే మీరూ అతనికి కనపడనట్టే. గ్లాసులు పడితే పడనివ్వండి.

మాటలు చాలు. బయట నా లారీ ఉంది, చాక్‌పీసు జేబులో ఉంది. ఒక్కొక్కరూ క్యాబిన్ ఎక్కండి. ఇంకొకరు బంపరు ముందు కూర్చుని మెల్లగా వెనక్కి జరగాలి, తల కనపడగానే పైనుంచి అరవండి. అక్కడ గీత గీస్తాను. ఇక్కడ మన టీ కొట్టు ఆవిడ ఉన్నారుగా, ముందు ఆవిడనే సీట్లో కూర్చోబెడదాం. రండి.