జడ్‌టీఎస్ క్రిస్టల్ రివ్యూ: ప్రాజెక్టుకి తీసుకోవచ్చా?

నమస్తే అండీ. చెన్నైలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేస్తున్న మనవాళ్లు ప్రాజెక్టు సీజన్ రాగానే అడిగేది ఒకటే: బీకరులో పెరిగే ఎన్‌ఎల్‌ఓ క్రిస్టల్ (నాన్ లీనియర్ ఆప్టికల్, అంటే లేజర్ వెలుతురు రంగు మార్చగలిగేది) ఏదైనా చెప్పండి అని. అందుకే ఇవాళ జింక్ ట్రిస్ థయోయూరియా సల్ఫేట్, అదే జడ్‌టీఎస్. థయోయూరియా ఆర్గానిక్, జింక్ సల్ఫేట్ ఇనార్గానిక్. రెండూ కలిసిన సెమీ ఆర్గానిక్ కాబట్టి, ఉత్త ఆర్గానిక్ క్రిస్టల్స్ కంటే గట్టిగా ఉంటుంది, వేడికీ తట్టుకుంటుంది.

కొలత మోల్స్‌లో మూడుకి ఒకటి. థయోయూరియా 11.42 గ్రాములు, జింక్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 14.38 గ్రాములు. బాటిల్ మీద లేబుల్ ఒకసారి చదవండి బాబూ! అది మోనోహైడ్రేట్ అయితే అదే బరువులో జింక్ 1.6 రెట్లు పడుతుంది, కొలత అక్కడే పోయింది. మూత సరిగ్గా పెట్టని పాత బాటిల్ కూడా వద్దు. హెప్టాహైడ్రేట్ పొడిగాలి తగిలితే నీళ్లు వదిలేసి పైన తెల్లగా పిండిలా అవుతుంది.

100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ తీసుకుని 50 డిగ్రీల దగ్గర స్టిర్రర్ మీద ముందు థయోయూరియా కరిగించండి. గది వేడిలో అంతా కరుగుతుంది గానీ తాపీగా. తర్వాత జింక్ సల్ఫేట్ కొంచెం కొంచెంగా వేయండి. 70 డిగ్రీలు మాత్రం దాటనివ్వద్దు, థయోయూరియా విడిపోవడం మొదలైతే ఆ ద్రావణం ఇక పనికిరాదు. గ్లవ్స్ తప్పనిసరి, థయోయూరియా ఒంటికి మంచిది కాదు. చల్లారాక దిగే తెల్లటి ముద్దే మన సాల్ట్, అంతా వస్తే 19.5 గ్రాములు. దాన్ని రెండు మూడుసార్లు రీక్రిస్టలైజ్ చేయకుండా, అంటే మళ్లీ నీళ్లలో కరిగించి దింపకుండా, సీడ్ (పెద్ద క్రిస్టల్‌కి విత్తనంలా వాడే చిన్న క్రిస్టల్) జోలికి వెళ్లొద్దు.

ఇక అసలు పరీక్ష. సాచురేటెడ్ ద్రావణాన్ని, అంటే ఇక సాల్ట్ కరగనంత చిక్కటిదాన్ని, ఫిల్టర్ చేసి, బీకరు మూతికి పాలిథిన్ కట్టి, సూదితో నాలుగైదు చిల్లులు చాలు. చిల్లులు ఎక్కువైతే ఆవిరి వేగం పెరిగి క్రిస్టల్ లోపల ద్రావణం ఇరుక్కుంటుంది. వెలుతురుకి పెట్టి చూస్తే మధ్యలో మబ్బులా కనిపించేది అదే. నైలాన్ దారంతో కట్టిన సీడ్ కరిగిపోయిందా? ద్రావణం ఇంకా సాచురేట్ కాలేదన్నమాట. అడుగున సన్న రవ్వలా పడిందా? దుమ్మైనా చేరి ఉంటుంది, ఏసీ ఆన్ ఆఫ్ అవుతూ వేడైనా ఊగి ఉంటుంది. కాన్‌స్టంట్ టెంపరేచర్ బాత్ ఉంటే 35 డిగ్రీల దగ్గర పెట్టేయండి. నవంబరు వానల్లో చెన్నై తేమకి ఆవిరి నత్తనడక నడుస్తుంది, అప్పుడు తొందరపడి మూత తీయకండి.

ఒకే దిశలో పొడవుగా కావాలంటే 2005లో శంకరనారాయణన్, రామసామి ప్రచురించిన ఎస్‌ఆర్ పద్ధతి ఉంది. గాజు గొట్టం అడుగున సీడ్, పైన రింగ్ హీటర్. ప్రాజెక్టుకి అంత అవసరం లేదు.

ఎస్‌హెచ్‌జీ (సెకండ్ హార్మోనిక్ జనరేషన్, లేజర్ తరంగదైర్ఘ్యాన్ని సగం చేయడం) టెస్టుకి చాలా చెన్నై గ్రూపులు బెంగళూరు ఐఐఎస్సీనే నమ్ముకున్నాయి. 1064 నానోమీటర్ల లేజర్ వేస్తే 532 ఆకుపచ్చ రావాలి. జడ్‌టీఎస్‌కి ఆ సిగ్నల్ కేడీపీ (పోల్చడానికి వాడే పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ క్రిస్టల్)తో పోలిస్తే 1.2 రెట్లు అని పేపర్లలో కనిపిస్తుంది. నా మాట వింటే ఆ అంకెని మరీ నెత్తిన పెట్టుకోకండి. పౌడర్ రేణువు సైజు మారితే సిగ్నల్ మారుతుంది, అందుకని రెండిటినీ ఒకే జల్లెడ పట్టాలి. పైగా ఆకుపచ్చ కనిపించిందని కొత్త క్రిస్టల్ దొరికిందనుకోవద్దు. గ్లైసిన్‌లో ఏదో లోహ లవణం కలిపి పెంచితే చాలాసార్లు చేతికొచ్చేది గామా గ్లైసిన్, అదీ ఆకుపచ్చ ఇస్తుంది! ముందు సింగిల్ క్రిస్టల్ ఎక్స్ఆర్‌డీ (ఎక్స్‌రేలతో క్రిస్టల్ లోపలి అమరిక చూసే పరీక్ష) తీయించండి. జడ్‌టీఎస్ అయితే అమరిక ఆర్థోరాంబిక్, దాని సౌష్ఠవం చెప్పే స్పేస్ గ్రూప్ పీసీఏ టూ వన్ రావాలి. అది వచ్చాకే లేజర్‌కి పంపండి.