జీతం లేదు, సర్కారు డబ్బూ లేదు: ఆ తల్లి ఇల్లు ఎలా గడుస్తోంది?

[తెర మీద: దుకాణం కౌంటర్. పాలు, గుడ్లు, బ్రెడ్. పక్కన డైపర్ల ప్యాకెట్.]

అమెరికాలో ఉద్యోగం లేని ఒక ఒంటరి తల్లి, తిండి కోసం సర్కారు ఇచ్చే ఫుడ్ స్టాంపుల కార్డు గీకింది. పాలు, గుడ్లు, బ్రెడ్ సంచిలోకి వెళ్ళాయి. డైపర్లు కౌంటర్ మీదే ఉండిపోయాయి. ఆ కార్డుతో తిండి సరుకులే కొనాలి. సబ్బుకి, శానిటరీ ప్యాడ్లకి కూడా అది పనికిరాదు. వాటికి నగదు కావాలి.

చాలా డేకేర్లు డైపర్లు తల్లే తెచ్చివ్వాలంటాయి. అవి లేకపోతే బిడ్డని వదలడం కుదరదు, బిడ్డని వదలకపోతే పనికి వెళ్ళడం కుదరదు.

[తెర మీద: 1935 – 1996]

పేద పిల్లలున్న ఇళ్ళకి నగదు సాయం 1935లో మొదలైంది. 1996లో క్లింటన్ సంతకం చేసిన చట్టం దాన్ని తీసేసి టానిఫ్ (TANF) అనే తాత్కాలిక సాయం పథకం పెట్టింది. పని షరతులు, ఫెడరల్ డబ్బుకి జీవితం మొత్తం మీద 60 నెలల గడువు వచ్చాయి. రాష్ట్రాలకి ఏటా ఇచ్చే సుమారు 1,650 కోట్ల డాలర్లు అప్పటి నుంచీ దాదాపు అంతే. ధరలు మాత్రం ఆగలేదు కదా!

[తెర మీద: సోఫా మీద మడిచిన దుప్పటి]

మరి నెల ఎలా గడుస్తోంది? ఎక్కువగా మనుషుల మీద. అమ్మ ఇంట్లోనో చెల్లెలి ఇంట్లోనో సోఫా మీద పడక. అద్దె అడగరు. బదులుగా చెల్లెలి పిల్లల్ని చూడాలి, వంట చేయాలి, ఒక మాట అన్నా పడాలి. నన్ను బాగా కలచివేసేది ఇదే. ఆ ఇంట్లో ఆమె పొద్దున్నుంచి రాత్రిదాకా పనే చేస్తోంది, లెక్కల్లో మాత్రం పని లేని మనిషి. జీతం లేదు కాబట్టి, పనిచేసేవాళ్ళకిచ్చే పన్ను రాయితీ కూడా రాదు.

బిడ్డ తండ్రి అప్పుడప్పుడూ నాలుగు డాలర్లు చేతిలో పెడతాడు. టానిఫ్ తీసుకుంటే బిడ్డ కోసం అతను కట్టే భరణం మీద హక్కు రాష్ట్రానికి రాసివ్వాలి. చాలా రాష్ట్రాలు అందులో ఎక్కువ భాగం తామే ఉంచుకుంటాయి. అందుకే కొందరు ఆ గుమ్మం తొక్కరు.

ఇంకా జడలు అల్లడం, ఇళ్ళు శుభ్రం చేయడం. కొందరు ప్లాస్మా అమ్ముతారు, వారానికి రెండుసార్ల వరకూ.

1988-92 మధ్య సామాజిక శాస్త్రవేత్త కేథరిన్ ఈడిన్ తన సహపరిశోధకురాలితో కలిసి నాలుగు నగరాల్లో 379 మంది పేద ఒంటరి తల్లులతో మాట్లాడారు. సాయం ఒక్కదానితోనో, చిన్న జీతం ఒక్కదానితోనో నెల వెళ్ళదీసినవాళ్ళు దాదాపు కనిపించలేదు. ఆ రెండూ లేని తల్లి సంగతి ఊహించుకోండి.

[తెర మీద: మళ్ళీ డైపర్ల ప్యాకెట్, సగం ఖాళీ]

ఇప్పుడు చాలా ఊళ్ళలో డైపర్ బ్యాంకులు ఉన్నాయి. విరాళంగా వచ్చినవి పంచుతాయి, కానీ ఆ ప్యాకెట్ నెలంతా రాదు. అది అయిపోయిన రోజు మళ్ళీ చెల్లెల్నే అడగాలి.