బాలిలో కాలి కింద చూసి నడవండి

సభకు నమస్కారం. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున మన బరంపురం చెరువుల్లో ఒడియావాళ్లు వదిలే బుల్లి పడవలు అందరం చూసేవే: అరటి దొప్ప, దీపం, ఆకు, వక్క. ఓడల మీద బాలికి వర్తకానికి వెళ్లిన సాధవుల, అంటే ఒడియా వర్తకుల, గుర్తు అది. ఇప్పుడు విమానం ఎక్కి అక్కడికి వెళ్లేవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

బాలిలో దిగగానే కాలికి అడ్డం వచ్చేది చనంగ్ సారి, అంటే దేవుడికి పెట్టే నైవేద్యం. లేత కొబ్బరాకుతో అల్లిన అరచేతంత పళ్లెం. అందులో తమలపాకు, వక్క, సున్నం కలిపిన చిన్న చుట్ట, పోరోసన్ అంటారు. మన తాంబూలమే అనుకోండి. దానిపైన పూలు దిక్కుల లెక్కన: తూర్పున తెలుపు, దక్షిణాన ఎరుపు, పడమట పసుపు, ఉత్తరాన నీలం లేదా ఆకుపచ్చ. చివర అగరొత్తి వెలిగించి నీళ్లు చిలకరిస్తారు. గుమ్మంలో, కొట్టు ముందు, నడిచే దారిలో కూడా పెడతారు. చెత్త అనుకుని తొక్కేది కొత్తవాళ్లే. అగరొత్తి వెలుగుతుంటే దాటొద్దు, పక్కనుంచి వెళ్లండి.

గుడికి నడుము కిందికి కామెన్ అనే పంచె, దానిమీద సెలెందాంగ్ అనే నడికట్టు. పంచె ఉంది కదా అని నడికట్టు మానేస్తే గుమ్మంలోనే ఆపుతారు. నెలసరికీ మైలకీ ప్రవేశం లేదు, ఇది మన పెద్దలకి విడమరచి చెప్పక్కర్లేదు. దణ్ణం ఐదుసార్లు: మొదటిదీ చివరిదీ ఖాళీ చేతులతో, మధ్యవి పూలతో. తర్వాత తీర్థం మూడుసార్లు. తడి బియ్యం ఇస్తే నుదుట అద్దుకోవాలి, అక్షింతల్లా నెత్తిన జల్లుకోవద్దు. తీర్త ఎంపుల్ అనే పుణ్యస్నానాల గుడిలోని ధారల్లో రెండు చనిపోయినవారి కర్మలవి, వాటి కింద తల పెట్టకండి.

శాకాహారులకి చిక్కంతా సాంబల్ పచ్చడిలో ఉంది. అందులో తెరాసి, అంటే రొయ్యల ముద్ద, కలుస్తుంది. ఆకుకూర వేపుడులోనూ పడొచ్చు. "తాన్పా తెరాసి", అంటే తెరాసి లేకుండా, అని ముందే చెప్పాలి. సోయా గింజలతో చేసే టెంపే వేపుడు మనవాళ్లకి బాగానే దిగుతుంది.

వీసా రుసుము కాక, 2024 ఫిబ్రవరి నుంచి విదేశీయులు అక్కడి డబ్బు 1,50,000 రూపయ్యా విడిగా కట్టాలి. డబ్బు మార్చేచోట మీరు లెక్కపెట్టాక నోట్ల కట్టని మళ్లీ వాళ్ల చేతికివ్వకండి. నోట్లు మాయమయ్యేది అప్పుడే.

ఇక న్యేపి. శక సంవత్సరాది, మన ఉగాది లాంటిదే. 2026లో రెండూ మార్చి 19నే. కానీ అక్కడ పచ్చడీ సందడీ ఉండవు. ఉదయం 6 నుంచి మర్నాడు 6 దాకా నిప్పు, పని, ప్రయాణం, వినోదం బంద్, విమానాశ్రయంతో సహా. హోటల్ గడప దాటనివ్వరు. పాలపొడి, మందులు ముందురోజు మధ్యాహ్నమే కొనుక్కోండి, సాయంత్రం ఓగో-ఓగో బొమ్మల ఊరేగింపుతో రోడ్లు నిండిపోతాయి.