నేలమాళిగ నుంచి ఆస్కార్ వేదిక దాకా: ఎలియట్ స్మిత్ సోలో ప్రస్థానంపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో సంగీత జీవితం ప్రారంభించిన ఎలియట్ స్మిత్ 1994 నుంచి 2000 వరకు అయిదు సోలో ఆల్బమ్‌లు విడుదల చేశారు. ఆరోది ఆయన మరణించిన మరుసటి ఏడాది, 2004లో వచ్చింది. ఆయన గురించి విమర్శకులు చెప్పిన మాటల్లో ఏవి ఇప్పటికీ నిలుస్తాయో చర్చించడానికి ఒక సంగీత విమర్శకురాలు, ఒక రికార్డింగ్ ఇంజనీర్, సొంతంగా పాటలు రాసి పాడే ఒక గాయకుడు స్టూడియోకు వచ్చారు. మేడమ్, బ్యాండ్‌లో ఉండగానే ఆయన సోలో ఆల్బమ్ ఎలా చేశారు?

విమర్శకురాలు: అది ముందుగా వేసుకున్న పథకం ప్రకారం జరిగింది కాదు. ఆయన పాడుతున్న హీట్‌మైజర్ బ్యాండ్‌లో గిటార్ల హోరు ఎక్కువ. అదే కాలంలో ఒక ఇంటి నేలమాళిగలో, నాలుగు ట్రాకుల (అంటే నాలుగు శబ్దాలను విడివిడిగా పట్టి కలపగల) టేప్ రికార్డర్ మీద, దాదాపు గుసగుసగా పాడి పెట్టుకున్న పాటలను కావిటీ సెర్చ్ అనే చిన్న స్థానిక లేబుల్ (రికార్డు కంపెనీ) విని, 1994లో ‘రోమన్ క్యాండిల్’ పేరుతో విడుదల చేసింది. వాటిలో నాలుగింటికి సరైన పేర్లు కూడా లేవు; ‘నో నేమ్’ అని అంకెలు వేసి వదిలేశారు. తర్వాత 1995లో తన పేరే పెట్టిన ఆల్బమ్, 1997లో ‘ఈదర్/ఆర్’ కిల్ రాక్ స్టార్స్ లేబుల్ ద్వారా వచ్చాయి. బ్యాండ్ చివరి ఆల్బమ్ 1996లో వెలువడే నాటికి అందరి చూపూ ఈ సోలో పాటల మీదికి మళ్లింది.

వ్యాఖ్యాత: ఆ తొలి ఆల్బమ్‌ల గురించి రాసిన వాళ్లు ‘ఇంట్లో చేసిన, ఏ అలంకారమూ లేని నిజాయితీ’ అనే మాటను పదేపదే వాడారు. మీరేమంటారు, ఇంజనీర్ గారూ?

ఇంజనీర్: ఆ మాట వినడానికి బాగుంటుంది గానీ, రికార్డింగ్‌ను శ్రద్ధగా విన్నవారు దానితో ఏకీభవించలేరు. ఆయన ఒకే చరణాన్ని రెండుసార్లు పాడి, రెండింటినీ కలిపి వినిపించేవారు. రెండుసార్లు పాడినప్పుడు శ్రుతిలోనూ కాలంలోనూ వచ్చే వెంట్రుకవాసి తేడాల వల్ల గొంతు మందంగా, కొద్దిగా వణుకుతున్నట్టుగా వినిపిస్తుంది. అంత మెల్లగా పాడుతూ ప్రతి అక్షరాన్నీ రెండోసారి అదే చోట పలకడం ఎంత సాధన ఉంటే సాధ్యమో ఒకసారి ప్రయత్నించిన వారికి తెలుస్తుంది. పైగా ఉన్నవి నాలుగే ట్రాకులు. గొంతుకు రెండు, గిటార్‌కు ఒకటో రెండో పోతే ఇక మిగిలేది ఏమీ ఉండదు కనుక, బేస్ చేయవలసిన పనిని కూడా గిటార్ మంద్ర తీగల మీదే నడిపించాలి. మనం అలంకారం లేదనుకుంటున్న చోట ఉన్నది చాలా లెక్కగా చేసిన అమరిక.

గాయకుడు: నేను దీనితో ఏకీభవిస్తాను, కానీ ఒక మాట. ఊపిరి, తీగల మీద వేళ్లు జారే చప్పుడు వినిపించడం వల్ల వినేవారికి ఆయన పక్కనే కూర్చున్న భావన కలుగుతుంది. ఆ భావనను విమర్శకులు కల్పించలేదు. దాన్ని ఆయన జీవితానికి సాక్ష్యంగా తీసుకోవడం దగ్గరే పొరపాటు జరిగింది.

వ్యాఖ్యాత: ఆస్కార్ విషయానికి వద్దాం.

విమర్శకురాలు: పోర్ట్‌లాండ్‌లోనే ఉంటున్న దర్శకుడు గస్ వాన్ శాంట్ ‘గుడ్ విల్ హంటింగ్’ చిత్రంలో ఆయన పాటలను వాడుకున్నారు. దానికోసం ఇచ్చిన ‘మిస్ మిజరీ’ నామినేషన్ పొందింది. 1998 మార్చి 23న తెల్లని సూట్ వేసుకుని, కుదించిన రూపంలో ఆ పాటను ఆయన వేదిక మీద పాడారు. అవార్డు ‘టైటానిక్’ పాటకు వెళ్లింది. ఆ రాత్రి తర్వాత పత్రికలకు ఒక సిద్ధమైన కథ దొరికింది: పొరపాటున వెలుగులోకి వచ్చిన బిడియస్తుడు. అదే ఏడాది పెద్ద రికార్డు కంపెనీ డ్రీమ్‌వర్క్స్ విడుదల చేసిన ‘ఎక్స్ఓ’ సమీక్షలలో చాలావరకు ప్రశంసలే ఉన్నప్పటికీ, అవి సంగీతం గురించి మాట్లాడేలోపు ఈ కథను ఒకసారి చెప్పుకుని గాని ముందుకు కదలలేదు.

గాయకుడు: నాకు మాత్రం పెద్ద కంపెనీకి వెళ్లాక ఏదో పోయిందనే అనిపిస్తుంది. ‘ఎక్స్ఓ’ వరకు సరే. అందులో చివరి పాటలో ఒక్క వాద్యం కూడా లేకుండా తన గొంతునే పొరలు పొరలుగా పేర్చారు, అది అద్భుతం. కానీ 2000లో వచ్చిన ‘ఫిగర్ 8’లో పియానోలు, తీగ వాద్యాలు, గిటార్లు అన్నీ ఒకేసారి ముందుకు వచ్చి పాటను కమ్మేస్తాయి.

ఇంజనీర్: అది మీ అలవాటు చేస్తున్న ఫిర్యాదు, క్షమించాలి. చిన్నప్పటి నుంచి బీటిల్స్ విని పెరిగిన మనిషికి వాళ్లు పాటలు రికార్డు చేసిన ఆబీ రోడ్ స్టూడియోలో రికార్డు చేసే అవకాశం వస్తే, నాలుగు ట్రాకులే వాడమని మనం ఎలా అడుగుతాం? తొలి పాటల్లో గిటార్ ఒక్కటే మోసిన స్వరాల కదలికలను ఇక్కడ వేర్వేరు వాద్యాలకు పంచారు. రాసిన పద్ధతి అదే.

విమర్శకురాలు: పద్ధతి అదే అయినా ‘ఫిగర్ 8’ నిడివి ఎక్కువ. మూడు నాలుగు పాటలు తీసేసి ఉంటే ఆల్బమ్ బలపడేది. ఈ లోపాన్ని స్టూడియో మీదికి నెట్టడం మాత్రం సరికాదు.

వ్యాఖ్యాత: పాటల్లోని ‘నేను’ ఎలియట్ స్మిత్ అనే అనుకోవడం గురించి ఇందాక ఒక మాట అన్నారు.

గాయకుడు: ‘బిట్వీన్ ద బార్స్’ తీసుకోండి. ప్రేమికుడు బుజ్జగిస్తున్నట్టు మొదలయ్యే ఆ పాటను రెండోసారి వింటే, మాట్లాడుతున్నది మద్యమేనేమో అన్న అనుమానం వస్తుంది. రాసిన వ్యక్తి తనను లోబరుచుకునే దాని గొంతు తానే పలికాడన్నమాట. దానిని డైరీ అనేస్తే ఆ ఎత్తుగడ మొత్తం కనిపించకుండా పోతుంది. దీనికి తోడు, ‘నీడిల్ ఇన్ ద హే’ పాటను 2001లో వెస్ ఆండర్సన్ తన చిత్రంలో ఆత్మహత్యా ప్రయత్నపు దృశ్యానికి వాడుకున్న తర్వాత ఆ పాటకూ గాయకుడికీ ఒకే ముద్ర పడింది.

విమర్శకురాలు: 2003 అక్టోబర్ 21న, 34వ ఏట ఆయన మరణించాక ఆ ముద్ర ఇంకా గట్టిపడింది. మరణం ఎలా సంభవించిందో అధికారిక పరీక్ష తేల్చి చెప్పలేకపోయినా, పాత పాటలన్నింటిలోనూ ముందస్తు సూచనలు వెతికారు. అమ్మకాల పట్టిక చూడండి: బిల్‌బోర్డ్ జాబితాలో ‘ఎక్స్ఓ’ 104వ స్థానం, ‘ఫిగర్ 8’ 99వ స్థానం దాటలేదు, మరణానంతరం వచ్చిన ‘ఫ్రమ్ ఎ బేస్‌మెంట్ ఆన్ ద హిల్’ మాత్రం 19వ స్థానానికి చేరింది. ఈ తేడాకు సంగీతం ఒక్కటే కారణమని నేను నమ్మలేను.

ఇంజనీర్: ఆ ఆల్బమ్‌ను అంచనా వేయడంలో నాకూ ఇబ్బంది ఉంది. ఆయన వదిలి వెళ్లిన రికార్డింగులను నిర్మాత రాబ్ ష్నాఫ్, సంగీతకారిణి జోవానా బోల్మ్ కలిసి పూర్తి చేశారు. వారు ఆయనను బాగా ఎరిగినవారే. అయినా ఏ పాట ఉంచాలో, ఏ గిటార్ ఎంత గట్టిగా వినిపించాలో ఆయన చెప్పలేదు కాబట్టి, దాన్ని ‘ఎక్స్ఓ’ పక్కన పెట్టి మార్కులు వేయడం న్యాయం కాదు.

వ్యాఖ్యాత: కొత్తగా వినేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

విమర్శకురాలు: ‘ఎక్స్ఓ’తో.

గాయకుడు: ‘ఈదర్/ఆర్’తో, అందులో సందేహం లేదు.

ఇంజనీర్: రెండూ విన్నాక, 1994 నుంచి 1997 వరకు చేసిన రికార్డింగులతో 2007లో వచ్చిన ‘న్యూ మూన్’ తీసుకోండి. అందులో ‘మిస్ మిజరీ’ తొలి రూపం ఉంది. బాణీ అదే, పల్లవి మాటలు వేరు. సినిమాలో మనం విన్న పల్లవి ఆయన తర్వాత కూర్చుని తిరగరాసినది.