ఎండ నాగా పెట్టదు

అందరికీ నమస్కారం. నేను చర్మ వైద్యురాలిని.

పరీక్షలు దగ్గర పడుతున్నా ఇంతమంది విద్యార్థినులు వచ్చారు. కొందరు అమ్మలను కూడా వెంట తీసుకొచ్చారు. చాలా సంతోషం. నేను చెప్పబోయే వాటిలో సగం ఆ అమ్మలకు సంబంధించినవే.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం, డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి వాళ్ళ అమ్మతో కలిసి నా దగ్గరికి వచ్చింది. కూర్చోగానే సంచి విప్పి నా బల్ల మీద సీసాలు ఒక్కొక్కటే పేర్చడం మొదలుపెట్టింది. విటమిన్ సి సీరం, నియాసినమైడ్ సీరం, బియ్యం నీళ్ళ టోనరు, నత్త జిగురుతో చేసిన కొరియా ద్రవం, బొగ్గు మాస్కు, ఇంకా ఏవేవో. మొత్తం పదకొండు. ఒక్కటి కూడా సగానికి దిగలేదు. రెండింటికి సీలు కూడా తీయలేదు. అమ్మాయి బుగ్గలు కంది ఉన్నాయి, గడ్డం చుట్టూ పొట్టు లేస్తోంది, నుదుటి నిండా కొత్త మొటిమలు.

"వీటిలో నీకు పడనిది ఏదమ్మా?" అని అడిగాను. చాలాసేపు ఆ సీసాల వంక చూసింది. "తెలియదు మేడమ్" అంది.

ఆ "తెలియదు" గురించి మాట్లాడాలనే ఇవాళ వచ్చాను. ఆ అమ్మాయి తెలివైనది. ప్రతి సీసా మీదా ఉన్న పదార్థాల పేర్లు నాకు చెప్పగలిగింది. ఏది ఎందుకు వాడతారో కూడా చెప్పింది. కానీ దేనికీ పది పన్నెండు రోజులకు మించి గడువు ఇవ్వలేదు. ఫోనులో కొత్త వీడియో రాగానే పాతది పక్కకు వెళ్ళింది. ఆవకాయ జాడీలో రోజుకో కొత్త దినుసు వేసి కలుపుతూ పోయారనుకోండి. చివరికి అది చెడితే ఉప్పు చాలకనా, తడి తగిలా, నూనె తగ్గా అని ఎవరు చెప్పగలరు? ఆ అమ్మాయి ముఖం విషయంలో జరిగింది అదే.

చర్మానికి ఒక లెక్క ఉంది. పై పొర అడుగున పుట్టిన కణం మెల్లగా పైకి జరుగుతూ వచ్చి, గట్టిపడి, చివరికి రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. వయసు పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ. ఈ రోజు అద్దంలో కనిపించిన మొటిమ కూడా ఈ రోజు పుట్టింది కాదు. కొన్ని వారాల ముందే రంధ్రం లోపల జిడ్డూ మృతకణాలూ పేరుకుని పూడిక మొదలవుతుంది, అప్పటికి కంటికి ఏమీ కనబడదు. అందుకే మొటిమలకు మేము రాసే అడాపలీన్ లాంటి మందులు పూర్తిగా పనిచేయడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. పైగా మొదటి రెండు మూడు వారాలు చర్మం పొడిబారుతుంది, కొద్దిగా పొట్టు లేస్తుంది, కొందరికి మొటిమలు పెరిగినట్టు కూడా అనిపిస్తుంది. సరిగ్గా ఆ మూడో వారంలోనే చాలామంది మందు మానేస్తారు. విస్తరి ముందు అంతసేపు కూర్చుని, వడ్డన మొదలయ్యే వేళకు లేచిపోయినట్టే. నా దగ్గరికి వచ్చి "ఆ మందు నాకు పనిచేయలేదు" అనేవారిని ఎన్నాళ్ళు వాడారని అడుగుతాను. ఎక్కువమంది చెప్పేది మూడు వారాల లోపే.

ఇక ఆ బుగ్గలు ఎందుకు కందాయో చూద్దాం. చర్మం అన్నిటికన్నా పైన ఉండే పొర వెంట్రుక మందం కూడా ఉండదు. పీటర్ ఎలియాస్ అనే అమెరికా శాస్త్రవేత్త దాన్ని ఇటుక గోడతో పోల్చారు. మృతకణాలు ఇటుకలు, వాటి మధ్య ఉండే కొవ్వు పదార్థాలు సున్నం. లోపలి తేమ బయటికి పోకుండా, బయటి మురికి లోపలికి రాకుండా కాపాడేది ఆ గోడే. అది కొద్దిగా ఆమ్ల గుణంతో ఉంటేనే ఆరోగ్యంగా ఉంటుంది. పీహెచ్ లెక్కలో సుమారు 5. ఆ అంకె తగ్గే కొద్దీ ఆమ్లం ఎక్కువ. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. వంటసోడా 8 దాటుతుంది. ఒక వీడియో చూసి సోమవారం నిమ్మరసం, ఇంకొక వీడియో చూసి గురువారం వంటసోడా రాసుకుంటే ఆ సున్నం ఏమవుతుందో ఆలోచించండి. అది చాలనట్టు పై పొరను ఒలిచే ఆమ్లాలు రెండు మూడు ఒకే రాత్రి రాస్తున్నారు.

మన చర్మానికి ఇంకొక గుణం ఉంది. చామనఛాయ, నలుపు చర్మాల్లో ఎక్కడ మంట పుట్టినా, ఒరుసుకున్నా, ఆ చోట నల్ల మచ్చ మిగులుతుంది. మొటిమ వారంలో పోతుంది, దాని మచ్చ నెలల తరబడి ఉంటుంది. కాబట్టి మనం చేసే ప్రతి ప్రయోగానికీ చెల్లించే ధర ఎక్కువ. ఒక దేశంలో, వేరే రకం చర్మం మీద బాగున్న పద్ధతి ఇక్కడ మచ్చలు తెచ్చిపెట్టవచ్చు. వీడియో తీసిన వారికి ఆ సంగతి తెలియాల్సిన అవసరం లేదు. మీకు ఉంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించే విషయానికి వస్తాను. పెళ్ళికి నెల ముందు మందుల షాపుకు వెళ్ళి "ముఖం తెల్లబడే క్రీము ఇవ్వండి" అని అడుగుతారు. చేతికి వచ్చే ట్యూబులో చాలాసార్లు వాపును, ఎరుపును అణచే స్టెరాయిడ్ మందు ఉంటుంది. వారం తిరగకుండా ముఖం నున్నగా, తేటగా అవుతుంది. అందరూ మెచ్చుకుంటారు. చెల్లెలు కొనుక్కుంటుంది, పక్కింటావిడ కొనుక్కుంటుంది. కొన్ని నెలలకు బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు కనబడతాయి. చర్మం పలచబడుతుంది, నూగు పెరుగుతుంది, మొటిమలు గుంపులుగా వస్తాయి. భయపడి మానేస్తే రెండు మూడు రోజుల్లో ముఖమంతా ఎర్రబడి మండిపోతుంది. ఆ మంట భరించలేక మళ్ళీ అదే ట్యూబు తీస్తారు. పొయ్యి సెగ ముఖానికి తగలలేక వంటగదిలోకి వెళ్ళడమే మానేసిన ఒక గృహిణికి నేను వైద్యం చేశాను. ఆ ముఖం మామూలు స్థితికి రావడానికి ఏడాది దాటింది.

ఇది ఒకరిద్దరి కథ కాదు. మన దేశంలోని 12 కేంద్రాల్లో, ముఖం మీద సమస్యతో వచ్చిన 2,926 మందిని చర్మ వైద్యులు పరిశీలించి, ఆ వివరాలను 2011లో ప్రచురించారు. వారిలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నారు. అంటే దాదాపు ఏడుగురిలో ఒకరు. స్టెరాయిడ్, రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, విటమిన్ ఎ జాతికి చెందిన ట్రెటినాయిన్ మూడూ కలిపిన మిశ్రమం 1975లో అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ అనే వైద్యులు వివరించినది. నల్ల మచ్చలకు, వైద్యుల పర్యవేక్షణలో, పరిమిత కాలం వాడితే ఆ రకం మిశ్రమం మంచి మందే. దాన్ని పౌడరు రాసుకున్నట్టు ఏళ్ళ తరబడి రాస్తున్నారు. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇలాంటి స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలనే జాబితాలో చేర్చింది. అయినా అడిగితే దొరుకుతూనే ఉన్నాయి. కేరళలోని మలప్పురం జిల్లాలో పాదరసం కలిసిన తెలుపు క్రీములు వాడినవారికి మూత్రపిండాలు దెబ్బతిన్నట్టు 2023లో బయటపడింది. చర్మం మీద రాసింది చర్మంతో ఆగదు.

అందుకే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నిలకడ అంటే చేతికి దొరికింది ఏదైనా రోజూ రాయడం కాదు. ఆ గృహిణి కూడా రోజూ తప్పకుండా రాసింది. ఏళ్ళు వాడినా హాని చేయనిది ఎంచుకోవడం ముందు జరగాలి. వారంలో ముఖం మార్చేసేది ఏదైనా కనబడితే, అది లోపల ఏం చేస్తోందని మొదట అనుమానించండి.

ఇప్పుడు ఎండ సంగతి. 2012లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో ఒక ఫోటో అచ్చయింది. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. 28 ఏళ్ళు సరుకుల బండి నడిపాడు. అమెరికాలో డ్రైవరు ఎడమ వైపు కూర్చుంటాడు, కిటికీ అద్దం అటే ఉంటుంది. అతని కుడి బుగ్గ వయసుకు తగ్గట్టే ఉంది. ఎడమ బుగ్గ చర్మం మందంగా, మడతలు పడి, జారిపోయి ఉంది. ఆ రెండు చెంపల మధ్య ఇరవై ఏళ్ళ తేడా ఉందా అనిపిస్తుంది. మంట పుట్టించే కిరణాలను అద్దం చాలావరకు ఆపుతుంది. లోతుకు దిగే యూవీఏ కిరణాలను చాలావరకు ఆపదు. అతనికి ఏ రోజూ ఏమీ తెలిసి ఉండదు. రోజుకు కాస్త, ఇరవై ఎనిమిదేళ్ళు. ఎండ నాగా పెట్టలేదు.

ఆ ఎండకు మనం ఎదురు నిలవగలమనే రుజువు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. క్వీన్స్‌లాండ్‌లో నాంబూర్ అనే పట్టణం ఉంది. ఎడీల్ గ్రీన్ అనే శాస్త్రవేత్త బృందం 1992లో అక్కడ 1,621 మందితో పరిశోధన మొదలుపెట్టింది. సగం మందికి రోజూ తల, మెడ, చేతులకు సన్‌స్క్రీన్ రాసుకోమని చెప్పారు. మిగతా సగం మంది వారికి అవసరం అనిపించినప్పుడు రాసుకోవచ్చు. అంటే రెండో వర్గానికి కూడా సన్‌స్క్రీన్ తెలుసు, అందుబాటులోనూ ఉంది. తేడా అంతా "రోజూ", "అనిపించినప్పుడు" అన్న రెండు మాటల మధ్యే. వాడింది కూడా ఎస్‌పీఎఫ్, అంటే ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే సీసా మీది అంకె, 15 పై స్థాయిది, ఇప్పటి లెక్కలో చాలా మామూలు సరుకు. నాలుగున్నర ఏళ్ళు గడిచాక, 55 ఏళ్ళ లోపు వారు 903 మంది అరచేతి వెనుక వైపు చర్మం అచ్చులు తీసి, గీతలు ఎంత ముతకబడ్డాయో పోల్చారు. 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. రోజూ రాసుకున్నవారి చర్మం ముదరడం 24 శాతం తక్కువగా ఉంది. అదే పరిశోధనలో ఒక రకం చర్మ క్యాన్సర్ కూడా వారిలో బాగా తగ్గింది.

వాళ్ళు తెల్ల చర్మం వాళ్ళు, మనకు ఎందుకు అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. మన చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం ఎక్కువ, ముడతలు ఆలస్యంగా వస్తాయి, ఆ క్యాన్సర్లు చాలా తక్కువ. కానీ మనకు మంగు మచ్చలు ఉన్నాయి. ముప్ఫై దాటిన ఆడవారి బుగ్గల మీద, ముక్కు మీద గోధుమ రంగులో పరుచుకునే ఆ మచ్చలకు ఎండ తోడైతే ఏ మందూ నిలవదు. కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును పెంచుతుంది. అందుకే మంగు ఉన్నవారికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత రంగున్న సన్‌స్క్రీన్ రాసుకోమంటాం. మూడు నెలలు మందు వాడి మచ్చ తగ్గించుకుని, ఒక్క ఎండాకాలం నిర్లక్ష్యం చేసి, మళ్ళీ మొదటికి వచ్చిన ముఖాలు ప్రతి జూన్‌లోనూ చూస్తాను.

ఎంత రాయాలో చూపిస్తాను, ముందు వరసలో ఉన్నవారు చూడండి. చూపుడు వేలు, మధ్య వేలు. ఈ రెండు వేళ్ళ పొడవునా ఒక్కో గీత. ముఖానికీ మెడకూ కలిపి ఇంత కావాలి. మనలో ఎక్కువమంది శనగగింజంత తీసుకుని ముఖమంతా పులుముతారు. అప్పుడు సీసా మీద రాసిన అంకెకు అర్థం ఉండదు. బయట తిరిగేవారు రెండు మూడు గంటలకు ఒకసారి మళ్ళీ రాయాలి.

ఇంత సన్‌స్క్రీన్ అందరూ కొనలేరని నాకు తెలుసు. మిరపకాయలు కోయడానికి, కళ్ళాల్లో ఏరడానికి వెళ్ళే ఆడవాళ్ళను చూడండి. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా వేసుకుంటారు, తలకూ చెంపలకూ తువ్వాలు చుట్టుకుంటారు. ఏ రోజూ మానరు. చర్మ వైద్యురాలిగా ఆ చొక్కాను, ఆ తువ్వాలును నేను ఎంతో గౌరవిస్తాను. ముఖానికి ఏమీ రాయకపోయినా వాళ్ళు చేస్తున్నది సరైన పని. గొడుగు పట్టుకోవడానికి సిగ్గుపడే కాలేజీ పిల్లలు ఒకసారి అటు చూడాలి.

ఇక మీరు చేయాల్సింది కొంచెమే. రెండు పూటలా నురుగు తక్కువ వచ్చే మెత్తటి ఫేస్‌వాష్. తడి ఆరకముందే మాయిశ్చరైజరు. పగలు సన్‌స్క్రీన్. మొటిమలో మంగో ఉంటే వాటికి డాక్టరు రాసిన ఒక్క మందు. కొత్తది ఏదైనా వాడాలనిపిస్తే ఒకసారి ఒక్కటే మొదలుపెట్టండి. ముందు చెవి వెనుకో, మోచేతి లోపలో కొన్ని రోజులు రాసి చూడండి. తరువాత రెండు మూడు నెలలు దానికి గడువు ఇవ్వండి. నెలకొకసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు ఫోటో తీసుకోండి. రోజూ అద్దం చూస్తే మార్పు తెలియదు.

అమ్మలు సున్నిపిండి గురించి అడుగుతారు. పొడి చర్మానికి గట్టిగా రుద్దితే అది కూడా ఒరుసుకుంటుంది, మెల్లగా వాడండి. మా అమ్మమ్మ ప్రతి ఆదివారం మాకు నువ్వుల నూనె పట్టించి నలుగు పెట్టేది. చలికాలంలో స్నానం అయ్యీ అవగానే, ఒంటి మీద తడి ఉండగానే కొబ్బరి నూనె రాసేది. ఆ తడి మీద రాయడం ఎంత సరైనదో వైద్యం చదివాకే నాకు అర్థమైంది. ఆవిడ ఎనభై ఏళ్ళ వయసులో కూడా అదే సీసా, అదే వేళ.

తెల్లబడటం గురించి ఇందాకటి నుంచి ఎవరో చీటీ రాసి పంపాలని చూస్తున్నారు. చర్మం రంగు జబ్బు కాదమ్మా. దానికి మందు నేను రాయను, ఎవరైనా రాస్తే తీసుకోకండి.

ఆ పదకొండు సీసాల అమ్మాయి నాలుగు నెలలకు మళ్ళీ వచ్చింది. ఈసారి వాళ్ళ అమ్మ రాలేదు. నుదుటి మీద రెండు మొటిమలు, మచ్చలు ఇంకా కొన్ని ఉన్నాయి, బుగ్గల కందుడు పూర్తిగా పోయింది. సంచిలోంచి ఒకే ఒక్క ట్యూబు తీసింది. అడుగు నుంచి చుట్టచుట్టి నొక్కి నొక్కి, చివరికి కత్తెరతో అడ్డంగా కోసి, లోపల అంటుకున్నది కూడా వేలితో తీసి వాడింది. దాన్ని నా బల్ల మీద పెట్టి, "అయిపోయింది మేడమ్. మళ్ళీ ఇదే రాస్తారా?" అని అడిగింది.