కుడి మెడ కండరం ముఖాన్ని ఎడమకు ఎందుకు తిప్పుతుంది?

[క్లోజప్: అద్దం ముందు మెడ]
అద్దంలో చూస్తూ ముఖాన్ని ఎడమ భుజం వైపు తిప్పండి. కుడి చెవి వెనక నుంచి గొంతు గుంట దాకా మోకులా ఒకటి ఉబ్బుతుంది. అదే స్టెర్నోక్లీడోమాస్టాయిడ్. నోరు తిరగకపోతే ఎస్‌సీఎం అనండి, డాక్టర్లూ అలాగే అంటారు. పేరులోనే చిరునామా ఉంది: స్టెర్నమ్ రొమ్ము ఎముక, క్లీడో కాలర్ బోన్, మాస్టాయిడ్ చెవి వెనక చేతికి తగిలే ఎముక బుడిపె.

[యానిమేషన్: కండరం మొదళ్లు]
కింద రెండు పాయలు. రొమ్ము ఎముక పైభాగం నుంచి వచ్చేది తాడులా గుండ్రంగా ఉంటుంది. కాలర్ బోన్ లోపలి మూడో వంతు నుంచి లేచేది పలచగా, వెడల్పుగా ఉంటుంది. మధ్యలో చిన్న గుంట వేలికి తెలుస్తుంది.

[యానిమేషన్: పైనుంచి తల]
ఇక అసలు తికమక. కుడి కండరం బిగిస్తే ముఖం ఎడమకెందుకు పోతుంది? తల తిరిగే ఇరుసుకు పక్కగా, కాస్త వెనక పుర్రెను పట్టుకుని ఉంటుందిది. లాగేదేమో ముందుకు, కిందికి. కుడి చెవి వెనక భాగం ముందుకొస్తే ముక్కు ఎడమకు పోక తప్పదు. అదే లాగుడుకు తల కుడి భుజం వైపు ఒరుగుతుంది. పుట్టుకతో ఈ కండరం కురచైన పసిపిల్లల్లో సరిగ్గా ఇదే భంగిమ: తల కుడికి, గడ్డం ఎడమకు. అలా కనిపిస్తే పిల్లల డాక్టరుకు త్వరగా చూపించాలి.

రెండు వైపులా కలిసి బిగిస్తే దిండు మీది తల పైకి లేస్తుంది. తల కదలకుండా ఉంటే ఇవే రొమ్ము ఎముకను పైకి లాగి ఊపిరికి సాయపడతాయి. ఆస్తమా తీవ్రమైనప్పుడు మెడలో ఈ తాళ్లు తేలేది అందుకే.

[దృశ్యం: పరీక్ష]
ఈ కండరం బలం చూడాలంటే డాక్టరు రోగి గడ్డానికి ఎడమ పక్కన అరచేయి అడ్డుపెట్టి, "ఎడమకు తిప్పండి" అనాలి. రెండో చేత్తో కుడి కండరం తడమాలి. బలం లేకపోతే అనుమానించాల్సింది కుడి 11వ కపాల నరాన్ని, అంటే ఈ కండరాన్ని కదిలించే నరాన్ని. వైద్య విద్యార్థులు ఎడమ అని రాసి మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

[క్లోజప్: వేళ్లు]
మెడ పట్టేసిందని దీన్ని బొటనవేళ్లతో లోపలికి నొక్కకండి. దాని అడుగునే మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని ఉంది. అక్కడ ఒత్తితే గుండె వేగం, బీపీ పడిపోయి కళ్లు తిరగవచ్చు. కండరాన్ని మాత్రమే రెండు వేళ్ల మధ్య పట్టి, మెత్తగా పిసకాలి. వేలి కింద నాడి కొట్టుకుంటోందా? వెంటనే వదిలేయండి.